ఇప్పచెట్ల కింది హాజరు

ఈ సంగతి ఉపాధ్యాయుల పత్రికకు మూడుసార్లు రాసి పంపాను. మొదటిసారి జవాబే లేదు. రెండోసారి స్థలాభావం అని ఒక కార్డు ముక్క వచ్చింది. అదే సంచికలో ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు తన పెరట్లో కాసిన బొప్పాయి గురించి రెండు పేజీలు రాసుకున్నాడు. మూడోసారి నేనే స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చాను. పుచ్చుకున్నాయన నా కాగితాల మీద టీ గ్లాసు పెట్టాడు. వెనక్కి తీసుకుని వచ్చేశాను. ఆ గుండ్రటి మరక ఇప్పటికీ మొదటి పేజీ మీద ఉంది. నా పదవీ విరమణ సభలో కూడా, నేను మాట్లాడే వంతు వచ్చేసరికి భోజనాలు మొదలుపెట్టారు. పప్పు వడ్డించే చప్పుడులో ఈ సంగతి ఎత్తుకోవడం ఇష్టం లేక కూర్చున్నాను.

ఇప్పుడు కొత్తగా చేరిన మాస్టర్లు కొందరు, పిల్లల చదువుకు ఇంటివాళ్ళు ఎట్లా సాయపడగలరు అనే విషయం మీద పాతవాళ్ళ అనుభవాలు అడిగి పుస్తకం వేస్తున్నారని విన్నాను. నన్ను అడగలేదు. అయినా రాస్తున్నాను. చదివేది మీరు కాబట్టి, నాకంటే చిన్నవాళ్ళు కాబట్టి, ఈసారి ఇంతకుముందు దాచినదాన్ని కూడా రాస్తాను.

అప్పటికి మనమంతా ఒకే ఖమ్మం జిల్లా. నాది పెనుబల్లి వైపు, వరి, మామిడితోటలు తప్ప అడవి తెలియని ఊరు. నా ఉద్యోగం మాత్రం టేకులపల్లి దాటాక, బస్సు దిగి, సైకిలు మీద కొంత దూరం పోయి, ఆ సైకిలును భుజాన వేసుకుని ఒక వాగు దాటితే వచ్చే కోయగుంపులో, అంటే చిన్న గూడెంలో. ఇరవై ఎనిమిది ఇళ్ళు. ఒక గది, ఒక వరండా, ఒక నల్లబల్ల, అయిదు తరగతులు, ముప్ఫై ఒక్క మంది పిల్లలు, నేను. రోడ్డు మీది పెద్ద ఊరిలో గది కిరాయికి తీసుకున్నాను. ఆ ఊరి బడి ప్రధానోపాధ్యాయుడు మా చుట్టుపక్కల చిన్న బడులన్నింటికీ పెద్ద. ఆయన్ను పెద్దసారు అందాం.

నెలకొకసారి తల్లుల సమావేశం జరపాలి, తీర్మానం రాయాలి, వచ్చినవాళ్ళ వేలిముద్రలు తీసుకోవాలి. తల్లులు వచ్చేవాళ్ళు కాదు. అందరిలాగే నేనూ తీర్మానం ముందే రాసుకుని, సిరా డబ్బా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ముద్రలు వేయించుకునేవాణ్ణి. అయిదో తరగతి అమ్మాయి ఒకతె ఉండేది. చేతిరాత ముత్యాలు. వాళ్ళమ్మ విస్తళ్ళకు అడ్డాకులు కుడుతూ వేలు చాపేది. ఒకనాడు చాపిన వేలు వెనక్కి తీసుకుంది.

"ఏంది సారూ, నెలనెలా వచ్చి మా ఏలు నల్లగ జేసిపోతవ్. లోపల ఏం రాసినవో ఒక్కనాడన్న చెప్పినవా?"

నేను చదివి వినిపించాను. 'పిల్లల విద్యాభివృద్ధికి తల్లులందరూ కృషి చేయవలెనని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.'

"గీ మాట మేం అన్నమా?"

"అన్నట్టు రాయాలమ్మా."

"అన్నట్టు రాస్తే అయితదా? కృషి అంటే ఏంది?"

నాకు కోపం వచ్చింది. చదువు రాని మనిషి నన్ను నిలదీసిందని వచ్చిన కోపం అది. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడో రోజుకు ఆమె అడిగింది సరైన ప్రశ్నేనని తెలిసింది. కృషి అంటే ఏమిటో నాకూ తెలియదు.

అలా మొదలైంది శనివారం కబురు. ఒక చార్టు కాగితం మీద ఆ వారం బడిలో ఏం జరిగిందో రాసి వరండా గోడకు అంటించేవాణ్ణి. ఊళ్ళో చదవగలిగిన పెద్దవాళ్ళు ముగ్గురో నలుగురో. అందుకని ఆ అమ్మాయి సాయంత్రం బోరింగు దగ్గర నిలబడి గట్టిగా చదివేది, చదివినదాన్ని మళ్ళీ వాళ్ళ భాషలో చెప్పేది. ఎవరి కొడుకు పన్నెండో ఎక్కం దాకా వచ్చాడో, ఎవరి కూతురు మూడు రోజులు ఎందుకు రాలేదో, చివర్లో ఆ వారం ఇంటివాళ్ళు చేయాల్సిన పని ఒకటి. చిన్న పనే. ఆకులు కుడుతున్నప్పుడు పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఇవాళ్టి పాఠం చెప్పించుకోండి, తప్పో ఒప్పో మీకు తెలియకపోయినా ఫరవాలేదు, చివరిదాకా వినండి. ఇంతే. చదవడం రాని తల్లికి వినడం వస్తుంది కదా అని నా ఆలోచన. నెల తిరిగేసరికి తల్లులు పిలవకుండానే వరండాలోకి వచ్చి, మా పిల్ల పేరు ఈ వారం రాయలేదేమని తగాదాకు దిగారు. నా ఉద్యోగంలో నేను సంతోషంగా భరించిన తగాదాలు అవి మాత్రమే.

ఈ సంగతి పెద్దసారు చెవిన పడింది. నెలవారీ సమావేశంలో పదిహేను మంది మాస్టర్ల ముందు, "ఏమయ్యా, గుంపులో పేపరు పెట్టావంట. వాళ్ళకు కావాల్సింది బియ్యం గానీ కబుర్లు కాదు. నువ్వేమన్నా ఎడిటరువా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ వరసగా చెప్పగలను.

ఎండాకాలం మొదట్లో ఇప్పపూలు రాలతాయి. పండుగ చేసి కొత్త పువ్వును వేల్పుకు పెట్టేదాకా ఎవరూ ముట్టరు. ఆ తర్వాత తెల్లవారకముందే ఇళ్ళు ఖాళీ. ఏ ఇంటి చెట్లు ఆ ఇంటివే. ఎండ ముదిరేలోపు ఏరుకోవాలి, ఆవులు రాకుండా కాపలా కాయాలి. ఆ నెలరోజులు బడికి అయిదారుగురే వచ్చేవాళ్ళు. అంతకుముందు రెండేళ్ళు నేను ఇళ్ళమీదికి పోయి అరిచాను. మూడో ఏడు అరవబోతుంటే ఆ అమ్మాయి తల్లే అంది.

"పిల్లలు ఆడికొస్తలేరని మా మీద కోప్పడతవ్. బడే ఇప్పచెట్ల కాడికి రారాదా సారూ? నీ బడికేమన్న ఏర్లున్నయా?"

పక్కనున్న మా బడి వంటామె పగలబడి నవ్వింది. నేను నవ్వలేదు, గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి శనివారం కబురులో పెద్ద అక్షరాలతో రాశాను: 'సోమవారం నుంచి ఇప్పపూలు అయిపోయేదాకా బడి చెట్ల దగ్గర జరుగును. పలకలు తెచ్చుకోవాలి. పదకొండు గంటలకు అందరం బడికి వచ్చి అన్నం తింటాం.'

వచ్చినవాళ్ళు ఇరవై తొమ్మిది మంది. మిగతా ఇద్దరిలో ఒకడికి జ్వరం, ఒకతె అమ్మమ్మ ఊరు పోయింది. వర్షాకాలంలో కూడా నేనంత హాజరు చూడలేదు. చెట్టుకు చెట్టుకు తిరుగుతూ పాఠం చెప్పేవాణ్ణి. తల్లులు పూలేరుతూ వినేవాళ్ళు. మూడో తరగతి పాఠంలో చెట్లు ముందు చిగురిస్తాయి, తర్వాత పూస్తాయి అని ఉంది. అది చదువుతుంటే ఒక ముసలవ్వ నడుం నిటారు చేసుకుని, "ఆ పుస్తకం రాసినాయన ఇప్పచెట్టు జూసిండా?" అంది. తలెత్తి చూశాను. చెట్టు మీద ఒక్క ఆకు లేదు. కింద పూల చాప. ముందు ఆకు రాలుస్తుంది, తర్వాత పువ్వు రాలుస్తుంది, ఆ తర్వాతే చిగురు. ఆ వారం కబురులో అమ్మాయి సొంతంగా రాసిన వాక్యం ఇది: 'పుస్తకంలో తప్పు దొరికింది. పట్టుకున్నది అవ్వ.'

ఇక నా తప్పు గురించి.

మొదటిరోజు హాజరు రిజిస్టరు వెంట తీసుకెళ్ళాను. మంచుకు తడిసింది, పూల రసం అంటుకుంది, చీమలు పట్టాయి. ఆ సాయంత్రం పెద్దసారు ఆ మరకలు చూసి అన్నాడు, "చెట్టు కింద చెప్పుకో, నేనేమీ అనను. కానీ రిజిస్టరు మాత్రం చంకలో పెట్టుకునే తిరుగు. అది ఉన్నచోటే బడి. గుర్తుపెట్టుకో." మంచి సలహా. నా ముప్ఫై ఏళ్ళ నౌకరీలో నాకెవరైనా ఇచ్చిన అత్యుత్తమ సలహా. ఎడిటరువా అని నవ్వించిన నోటి నుంచి వచ్చింది కాబట్టి నేను వినలేదు. మర్నాటి నుంచి రిజిస్టరును బడి బీరువాలోనే ఉంచాను.

ఇంకొకటి. నేను పిల్లలతో తిరిగి వచ్చేది పదకొండుకు. వంటామె బియ్యం కొలిచేది ఎనిమిదికి. ఎంతమందికి కొలవాలో ఆమెకు ముందే తెలియాలి. ఆమెకు అక్షరాలు రావు, గీతలు లెక్కపెట్టగలదు. అందుకని మధ్యాహ్నం ఇంటికి పోయేముందే మర్నాటి గడిలో గీతలు పెట్టేసి, బీరువా తాళం ఆమెకిచ్చి పోయేవాణ్ణి. ఎవరొస్తారో, ఎవరు రారో నాకు ముందే తెలుసు. ఒక్కరోజు కూడా తప్పు పోలేదు. నియమం ప్రకారం అది నేరమని కూడా తెలుసు. రిజిస్టర్లలో ఖాళీ గళ్ళు గీసిపెట్టేది ఆ అమ్మాయే కాబట్టి, నేను ముందురోజు వేయడం ఆ పిల్ల రోజూ చూసేది. ఒకసారి అడిగింది కూడా.

"సార్, రేపటిది ఇయాల్నే వేస్తున్నరేంది?"

"అన్నం కోసం తల్లీ. మీరంతా వస్తారుగా?"

"అవ్, వస్తం."

మూడో వారంలో ఒక ఉదయం జీపు వచ్చింది. వంటామె మరిది చెట్ల దగ్గరికి రొప్పుకుంటూ వచ్చి, పెద్దాఫీసు నుంచి ఆఫీసరు వచ్చిండు, బీరువా తెరిపించిండు అని చెప్పాడు. పిల్లల్ని పలకలు తీసుకోమన్నాను. తల్లులు ఏరిన పూలు ఎక్కడివక్కడ వదిలి మా వెంట బయలుదేరారు. నేను రమ్మనలేదు. ఆ రోజు ఆ పూలన్నీ ఆవులు తిన్నాయి. ఆ సంగతి కూడా ఎవరూ ఎక్కడా రాయలేదు.

మేం చేరేసరికి ఆఫీసరు జీపు ముందు సీట్లో కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో మా రిజిస్టరు. ఆయనకు పది అడుగుల దూరంలో, వరండా గోడ మీద, 'బడి చెట్ల దగ్గర జరుగును' అని మూరెడు కాగితం. దాని ముందునుంచే నడిచి వెళ్ళి బీరువా తెరిపించి ఉంటాడు.

"ఎనిమిదింటికి వచ్చాను. బడిలో ఈగ లేదు. ఇవాళ్టి హాజరు మాత్రం ఇరవై తొమ్మిది. ఇద్దరికి ఆబ్సెంటు కూడా వేశారు. జ్యోతిష్యం వచ్చా మాస్టారూ?"

డ్రైవరు నవ్వాడు. తల్లులు ఒకరి వెనక ఒకరు పిల్లల్ని వరసలో నిలబెడుతున్నారు. అమ్మాయి తల్లి జీపు పక్కకు వచ్చింది.

"పిల్లలు ఈడ్నే ఉన్నరు సారూ. లెక్కబెట్టుకో. ఇరవై తొమ్మిదికి ఒక్కరు తక్కువున్నా మమ్మల్నడుగు."

"నువ్వుండమ్మా. మాస్టారూ, ఒక్క మాట చెప్పండి. ఇది నిన్న వేశారా, ఇవాళ వేశారా?"

నిన్న వేశాను సార్, వంటకోసం వేశాను, తప్పే, కానీ పిల్లలు మాత్రం ఉన్నారు, అడగండి, చదివించండి. ఈ మాటలు నాకు ఇప్పుడు నిద్రలో లేపినా వస్తాయి. ఆ రోజు నోటికి వచ్చింది వేరు.

"ఇవాళ పొద్దునే వచ్చి వేసి వెళ్ళాను సార్."

ఆయన వంటామె వైపు చూశాడు. ఆమె తలొంచుకుంది. అంతకుముందే నిజం చెప్పేసిందని నాకు అప్పుడు అర్థమైంది. వరసలో మొదట నిలబడిన అమ్మాయి నా ముఖంలోకి చూసింది. కోపం లేదు, ఏమీ లేదు. లెక్క తప్పు చేసిన పిల్లవాణ్ణి నేను చూసే చూపు అది.

"అబద్ధాలు చెప్పే మనిషి చూపించే పిల్లల్ని నేనేం లెక్కపెట్టాలి?" అన్నాడు ఆఫీసరు. రిజిస్టరు ఒళ్ళోనే ఉంచుకుని జీపు తీయించాడు. "ఒక్క పిల్లనన్న చదివించు సారూ" అని ఆ తల్లి పది అడుగులు జీపు వెంట నడిచింది. దుమ్ము లేచింది. పిల్లలు వరస చెదరకుండా చాలాసేపు నిలబడ్డారు. నేను చెదరమని చెప్పలేదు కాబట్టి.

ఆ రోజు గడిలో ఇరవై తొమ్మిది గీతలు కొట్టేసి ఎర్ర సిరాతో అందరికీ గైర్హాజరు వేశారని తర్వాత తెలిసింది. నాకు మెమో వచ్చింది. పదకొండు పేజీల సంజాయిషీ రాశాను. మంచు గురించి, చీమల గురించి, గోడమీది కబురు చదవని ఆఫీసరు గురించి, పాత సమావేశంలో నవ్విన మాస్టర్ల గురించి. హాజరు మాత్రం ఆ ఉదయమే వేశానని మళ్ళీ రాశాను. పంపేముందు పెద్దసారు చదివాడు.

"పది పేజీలు చింపెయ్. 'ముందురోజు వేశాను, పిల్లలు మాత్రం వచ్చారు' అని ఒక్క లైను రాయి. నేను కింద సంతకం పెడతా."

నేను రాయలేదు. ఆయనది మళ్ళీ మంచి సలహా. ఆయన ఇప్పుడు లేడు. ఆయన మీద నాకున్న కోపంలో సగం, ఆయన రెండుసార్లూ సరిగ్గా చెప్పినందుకే.

పిల్లలు రాని బడుల జాబితాలో మా బడి చేరింది. దాన్ని వాగు అవతలి బడిలో కలుపుతారని ఊళ్ళో తెలిసింది. నేను భయపడినట్టు తల్లులు నన్ను తిట్టలేదు. అది ఇంకా బరువుగా ఉండేది. ఒక సాయంత్రం బోరింగు దగ్గర కూర్చుని అమ్మాయి చేత ఒక కాగితం రాయించారు. నన్ను పక్కన కూర్చోనిచ్చారు గానీ రాయమనలేదు. బడి తీసెయ్యొద్దని రాయించండి అన్నాను.

"అది తర్వాత," అంది తల్లి. "ముందు గిది తేలాలె. మా పిల్లలు గైరాజరని రాసిండ్రు. పొద్దుగాల్నుంచి మా కండ్లముందల చదివిండ్రు. మా కండ్లు అబద్ధమా?"

కాగితంలో ఒక్క ప్రశ్న రాశారు. ఆ రోజు మా పిల్లలు బడిలో ఉన్నారా, లేరా? కింద ఇరవై ఆరు వేలిముద్రలు. లోపల ఏం రాసి ఉందో తెలిసి ఆ తల్లులు వేసిన మొదటి ముద్రలు అవేనేమో.

సోమవారం భద్రాచలంలోని గిరిజనాభివృద్ధి ఆఫీసులో అర్జీలు తీసుకునే రోజు. బస్సెక్కి పోయాం, ఆ తల్లి, ముసలవ్వ, నేను. గోదావరి వంతెన మీద అవ్వ ఒక రూపాయి బిళ్ళ నీళ్ళలోకి విసిరి దండం పెట్టుకుంది. క్యూలో నిలబడగా నిలబడగా మా వంతు వచ్చింది. గుమాస్తా తలెత్తకుండా అడిగాడు.

"ఏం కావాలమ్మా? పింఛనా, పట్టానా, బోరా?"

"జవాబు గావాలె."

అతను తలెత్తాడు. "దానికి కాలమ్ లేదమ్మా," అని, ఇతరములు అనేచోట టిక్కు పెట్టి రసీదు చింపి ఇచ్చాడు. అవ్వ ఆ రసీదును కొంగున ముడేసుకుంది. ఊరికొచ్చాక నా చేతిలో పెట్టి, నీకు చదువొచ్చు కాబట్టి నువ్వుంచుకో అంది.

జూన్‌లో బడికి తాళం పడింది. నన్ను అడవికి దూరంగా బదిలీ చేశారు. వాగు అవతలికి మొదట్లో పదకొండు మంది వెళ్ళారు. వాగు పొంగాక నలుగురు. ఆ అమ్మాయికి గురుకులంలో సీటు వచ్చేదే, కానీ చేరడానికి చదువు ధ్రువపత్రం కావాలి. అది రాయాలంటే మా రికార్డు కావాలి. రికార్డు విచారణలో ఉంది. నేను నాలుగు ఆఫీసులు తిరిగాను. విచారణ ముగిసేసరికి ఆ పిల్ల వాళ్ళ పిన్నితో కలిసి మిర్చి ఏరడానికి పోయింది. అప్పటికి ఆ పిల్లకు పదకొండేళ్ళు.

చాలా ఏళ్ళ తర్వాత టేకులపల్లిలో బస్సు కోసం నిలబడి ఉంటే, చంకలో బిడ్డనెత్తుకున్న ఒక ఆమె పక్కన నిలబడి, వచ్చే బస్సుల బోర్డులు ఆ బిడ్డకు గట్టిగా చదివి వినిపిస్తోంది. ఆ గొంతు పట్టి గుర్తుపట్టాను. ఆమే ముందు పలకరించింది.

"సార్, మంచిగున్నరా?"

బాగున్నాను అన్నాను. వాళ్ళమ్మ ఎలా ఉందని అడిగాను. కండ్లు సరిగ్గా కనిపిస్తలేవు, ఆకులు కుట్టుడు బంద్ చేసింది అంది. ఆమె బస్సు వచ్చింది. మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగింది.

"సార్, ఆ కాగితానికి జవాబొచ్చిందా? అమ్మ ఇంకా అడుగుతది."

రాలేదన్నాను. ముందురోజు వేశానన్న మాట ఆమెకైనా చెప్పి ఉండాల్సింది. ఆమెకు చెప్పడమేమిటి, ఆమె చూసిందే కదా. ఒప్పుకుని ఉండాల్సింది. బస్సు కదిలింది.

కొత్త మాస్టర్లూ, ఇంటివాళ్ళు పిల్లల చదువుకు ఎట్లా సాయపడతారని కదా మీరు అడుగుతున్నది. ఏరిన పూలు ఆవులకు వదిలేసి వచ్చి మాస్టరు పక్కన నిలబడతారు. ఆ నిమిషంలో మాస్టరు నిజం చెప్పాలి. నాకు తెలిసింది అంతే. నేను చెప్పలేదు.

ఇప్పుడు చెబుతున్నాను. ఆ హాజరు నేను ముందురోజు మధ్యాహ్నమే వేశాను. జీపు ముందు అబద్ధమాడాను, పదకొండు పేజీల్లో మళ్ళీ అబద్ధమాడాను. నా మీద ఏ కాలమ్‌లో ఏం రాసుకుంటారో రాసుకోండి. నేను అబద్ధాలకోరునన్న సాకుతోనే కదా ఇన్నేళ్ళు ఆ కాగితాన్ని పక్కన పెట్టారు. ఆ సాకు నేనే తీసేశాను. కాగితంలో నా పేరు లేదు, నా సంతకం లేదు. ఇరవై ఆరు మంది తల్లుల ముద్రలున్నాయి. అందులో ఒకామెకు చూపు తగ్గుతోంది. రసీదు నా దగ్గర ఉంది.

ఆ రోజు వాళ్ళ పిల్లలు బడిలో ఉన్నారా, లేరా? ఎవరో ఒకరు జవాబు చెప్పండి.